కాదన్నాక రాసే ఉత్తరం

మొన్న ఆదివారం రాత్రి మా మేనకోడలు ఫోన్ చేసింది. "మామయ్యా, ఈసారీ పోయింది" అంది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన పిల్ల. మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగానికి రెండు రౌండ్లు దాటింది. చివరికి కాదంటూ మెయిల్ వచ్చింది. దానికి తను రాసుకున్న జవాబు చదివి వినిపించింది. పదిహేను వాక్యాలు. అందులో ‘ఎందుకు’ అన్న మాట మూడుసార్లు ఉంది.

"ఇప్పుడే పంపకమ్మా, రేపు మాట్లాడుకుందాం" అన్నాను. దెబ్బ తగిలిన రాత్రి రాసిన ఉత్తరంలో దెబ్బే కనిపిస్తుంది. ఒక రోజు ఆగాలి. అలాగని వారాలు గడవనిస్తే వాళ్లకి మన ముఖమే గుర్తుండదు.

పాతికేళ్ల కిందట నేనూ ఇలాగే జీడిమెట్లలో ఒక కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లాను. ల్యాబ్ పెద్దాయన నా ముందు ఒక క్రొమటోగ్రామ్ కాగితం పెట్టారు, శాంపిల్‌లోని పదార్థాలు విడివిడి పీక్‌లుగా కనిపించే గ్రాఫు అది. నిటారుగా లేచి, అంతే నిటారుగా దిగాల్సిన పీక్, దిగేచోట తోకలా సాగి ఉంది. "ఏం చేస్తావు?" అన్నారు. "కాలమ్ మారుస్తాను సార్" అన్నాను, ఆలోచించకుండా. శాంపిల్‌లోని పదార్థాలను విడదీసే గొట్టం కాలమ్, దాని గుండా పారే ద్రవం మొబైల్ ఫేజ్. ఆయన కాగితం వెనక్కి తీసుకున్నారు. రెండు వారాలకు కాదన్న కబురు వచ్చింది.

అమీర్‌పేటలో ఒక నెట్ సెంటర్‌లో కూర్చుని ఆయనకు మెయిల్ రాశాను. నాలుగే వాక్యాలు. సమయం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. మీ నిర్ణయం తెలిసింది. ఈ పని మీద నాకు ఇష్టం తగ్గలేదు. వచ్చేసారికి ముందుగా ఏది నేర్చుకోవాలో ఒక్క మాట చెప్పగలరా?

ఆరో రోజు జవాబు వచ్చింది. "కాలమ్ మీద నేరం మోపే ముందు మొబైల్ ఫేజ్ పీహెచ్ చూడు, శాంపిల్ ఎంత ఎక్కించావో చూడు." అంతే.

ఆ కంపెనీలో నాకు ఉద్యోగం రాలేదు. ఆ మాట మాత్రం నేను చేరిన ప్రతి ల్యాబ్‌కీ నా వెంట వచ్చింది. వేల రూపాయల కాలమ్‌ని పక్కన పడేయబోయే కుర్రాళ్లకి ఇప్పుడు నేనే అది చెబుతుంటాను.

‘ఎందుకు తీసుకోలేదు’ అని అడిగితే ఎదుటివాళ్లు సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఏ మాట ఏ తగాదాకి దారితీస్తుందోనని హెచ్‌ఆర్ వాళ్లు నోరు విప్పరు. ‘ఏది నేర్చుకోవాలి’ అంటే పని తెలిసిన మనిషికి చెప్పబుద్ధేస్తుంది. ప్రభుత్వ కొలువైతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రైవేటు కంపెనీని అలా అడగడానికి లేదు. అక్కడ మనం అడిగే తీరు ఒక్కటే ఆధారం.

ఇప్పుడు బల్లకి అవతలి వైపు కూర్చుంటున్నాను కాబట్టి ఇంకో సంగతి కూడా చెప్పాలి. మేం ఎంపిక చేసినవాళ్లందరూ చేరరు. 90 రోజుల నోటీసు పీరియడ్‌లో ఉన్నవాళ్ల చేతికి ఈలోపు ఇంకో ఆఫర్ వస్తుంది. చేరాల్సిన రోజు ఫోన్ ఎత్తరు. అప్పుడు మళ్లీ ప్రకటన ఇచ్చే ఓపిక ఎవరికీ ఉండదు, పాత మెయిళ్లే తెరుస్తాం. కాదన్న తర్వాత కూడా మర్యాదగా రెండు ముక్కలు రాసిన మనిషి అప్పుడు ముందు గుర్తొస్తాడు. అందుకే మూడు నెలలకోసారి, ఫలానాది నేర్చుకున్నానని ఒక చిన్న కబురు పంపడంలో తప్పు లేదు. జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తు చేసి ఊరుకోవాలి. రోజూ ఫోన్ చేస్తే తెరిచి ఉన్న తలుపు కూడా మూసుకుంటుంది.

సోమవారం పొద్దున్న మా పిల్ల పదిహేను వాక్యాలని నాలుగు చేసింది. చివరి వాక్యం దగ్గర ఆగిపోయింది. "మామయ్యా, ఏది నేర్చుకోవాలో అడిగే ముందు నేనెక్కడ తడబడ్డానో నాకు తెలియాలి కదా" అంది. కాసేపు ఆలోచించుకుని, మాత్రలోంచి మందు ఎంత వేగంగా కరిగి బయటికొస్తుందో చూసే డిసొల్యూషన్ టెస్ట్ దగ్గర అని తనే చెప్పింది. ఆ మాట కూడా కలిపి పంపింది.

జవాబు ఇంకా రాలేదు. నిన్న సాయంత్రం ఇంటికొచ్చి, పుస్తకం ముందేసుకుని, రాత్రి తొమ్మిదింటిదాకా డిసొల్యూషన్ గురించి నన్ను ప్రశ్నలు అడుగుతూనే ఉంది.