చేటకు మెంతులు, నారకు నానో పూత

ముక్త్యాల, నందిగామ వైపు పొలాల్లో కొట్టిన సుబాబుల్ కర్ర సారపాక, రాజమహేంద్రవరం కాగితం మిల్లులకు లారీల్లో వెళ్తుంది. అదే నోటుబుక్కై మన పిల్లల సంచుల్లోకి వస్తుంది, పరీక్షలయ్యాక తూకానికి పోతుంది. అక్కణ్నుంచి ఆ కాగితంలోని నార గతేమిటన్నదే నా ఆలోచన.

పాత కాగితాన్ని గుజ్జు చేసి మళ్లీ ఆరబెట్టినప్పుడల్లా నార కొంత తెగి పొట్టిదవుతుంది. అంతకంటే పెద్ద నష్టం ఎండడం వల్ల వస్తుంది. నారలోని సన్నని రంధ్రాలు మూసుకుపోయి, తిరిగి నానబెట్టినా మునుపటిలా ఉబ్బదు. బిరుసెక్కిన నార పక్క నారను గట్టిగా పట్టుకోలేదు. కాగితం బలం చాలావరకు ఆ పట్టులోనే ఉంది. పాత కాగితంతో చేసిన అట్టపెట్టెను చించి, అంచును ఎండకు పెట్టి చూడండి. పొట్టి నూగే కనిపిస్తుంది.

మన ఆడవాళ్లు దీనికి ఏనాడో మార్గం కనిపెట్టారు. నేనూ వేసవిలో చేటలకు కాగితం గుజ్జు పూస్తాను. నానిన కాగితాన్ని, నానిన మెంతులను కలిపి రుబ్బితే గుజ్జు వేళ్లకు జిగటగా, జారుడుగా తగులుతుంది. దాన్ని వెదురు సందుల్లోకి అదిమి పూసి ఎండబెడితే చేటలోంచి పిండి కూడా రాలదు. మెంతులు తగ్గితే మాత్రం పూత పెచ్చులూడుతుంది. మెంతుల జిగురూ, గోరుచిక్కుడు గింజల జిగురూ ఒకే జాతివి. రెండో దాన్ని కాగితం మిల్లులు కూడా బలం కోసం వాడుతుంటాయి.

నానో పూత అనే పద్ధతి, పట్టు పెంచే ఈ పనినే ఒక్కో నారకూ విడిగా చేస్తుంది. నీళ్లలో నారకు రుణావేశం ఉంటుంది కనుక ధనావేశమున్న పాలిమర్ దాన్ని అంటుకుంటుంది. దానిమీద రుణావేశపు పొర, మళ్లీ ధనావేశపు పొర. ఒక్కో పొర మందం కొద్ది నానోమీటర్లే. నానోమీటరంటే మిల్లీమీటరులో 10 లక్షలో వంతు. అమెరికాలోని లూసియానా టెక్ విశ్వవిద్యాలయంలో యూరి ల్వోవ్ బృందం మిల్లు తుక్కు నారకు ఇలా పూత వేసి, కాగితం బలం పెరిగిందని 2006లో ప్రకటించింది. పొర పొరకూ ముంచి కడగాలంటే నీళ్లు, ఖర్చు పెరుగుతాయి. మిల్లు స్థాయిలో దాటాల్సిన గట్టు అదే.

మన వంతు పని మాత్రం ఇవాళే చేయొచ్చు. నూనె పొట్లాలు, ప్లాస్టిక్ పూసిన పేపరు ప్లేట్లు పుస్తకాల కట్టలో కలపకండి. జిడ్డు పట్టిన నారకు మెంతులూ సరిగా పట్టవు, నానో పూతా పట్టదు. పాత కాగితాన్ని పొడిగా, విడిగా ఇస్తే, మన పొలంలో పెరిగిన నార మరోసారి కాగితమవుతుంది.