సాక్ష్యానికి తరుగు

క్రాస్ ఎగ్జామినేషన్ నడుస్తూ ఉంటుంది. "అప్పటికి వీధిలైటు వెలగట్లేదు కదా?" అంటాడు వకీలు. "లేదండి" అంటాడు సాక్షి. "ఆ మనిషి అటు తిరిగి ఉన్నాడు కదా?" "ఆఁ." జడ్జిగారు రెంటినీ కలిపి ఇంగ్లీషులో స్టెనోకి చెబుతారు. కాగితం మీదికి వచ్చేసరికి, నేను చూసినప్పుడు వీధిలైటు వెలగడం లేదనీ, ఆ మనిషి నాకు వీపు పెట్టి నిలబడ్డాడనీ సాక్షే పూసగుచ్చినట్టు చెప్పినట్టు ఉంటుంది. అతని నోట్లోంచి వచ్చినవి రెండు ముక్కలే.

ఇందులో ఎవరి కుట్రా లేదు. సెషన్స్ కోర్టులో సాక్ష్యాన్ని మామూలుగా కథనంగానే రాయాలని చట్టమే చెబుతోంది. జడ్జిగారు అనుకుంటే ప్రశ్న, జవాబు విడివిడిగా రాయించవచ్చు. కానీ కేసుల ఒత్తిడిలో అంత తీరిక అరుదు. దాంతో ఒకే దెబ్బకి రెండు మార్పులు జరుగుతాయి: తెలుగు ఇంగ్లీషవుతుంది, ప్రశ్న మాయమవుతుంది. మొదటి దాని గురించి అందరూ మాట్లాడతారు. నన్ను భయపెట్టేది రెండోది.

మంగళగిరిలో ఉండి నేలపాడు హైకోర్టుకు అప్పీళ్ళ కాగితాలు తయారుచేసే నాకు ఈ పని రోజూ ఉండేదే. ఫిర్యాదు, శవ పంచనామా, పోలీసులు రాసుకున్న వాంగ్మూలాలు తెలుగులోంచి ఇంగ్లీషులోకి పోతాయి. ఇంగ్లీషులో ఉన్న సాక్ష్యాన్ని కక్షిదారు కోసం మళ్ళీ తెలుగులో చదివి వినిపిస్తాను. "మావాడు ఇంత పొడుగు మాట ఎప్పుడన్నాడండీ?" అని ఆ ఇంటివాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. వాళ్ళ ఆశ్చర్యం న్యాయమైనదే.

ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు పిఠాపురం కేసు గుర్తొస్తుంది. 1937 మార్చి 23న పూరీ స్టేషన్లో, మూడో తరగతి పెట్టెలో ఎవరూ తీసుకోని ఉక్కు ట్రంకు కనపడింది. అందులో ఏడు ముక్కలు చేసిన శవం. కొన్నాళ్ళకు భార్య గుర్తుపట్టింది. చనిపోయినవాడు కుర్రీ నూకరాజు, నలభై ఏళ్ళవాడు, పిఠాపురం దివాను దగ్గర బంట్రోతుగా చేసినవాడు. ఆ దివాను అల్లుడు పాకాల నారాయణస్వామి బరంపురంలో ఉండేవాడు. నారాయణస్వామి భార్య 1936లో నూకరాజు దగ్గర విడతలు విడతలుగా 3000 రూపాయలు అప్పు తీసుకుంది. వడ్డీ నూటికి ఏడాదికి 18 రూపాయలు. ఆ లావాదేవీల తాలూకు 50 దాకా ఉత్తరాలు, చీటీలు నూకరాజు ఇంట్లో దొరికాయి.

మార్చి 20, శనివారం నూకరాజుకి సంతకం లేని ఉత్తరం ఒకటి వచ్చింది. ఆ రోజు భర్త తనకు ఉత్తరం చూపించాడనీ, బాకీ తీసుకుపొమ్మని నారాయణస్వామి భార్య రాసినందున బరంపురం వెళ్తున్నానన్నాడనీ నూకరాజు భార్య సాక్ష్యం చెప్పింది. మర్నాడు బండెక్కినవాడు తిరిగి రాలేదు.

ఆ ఒక్క వాక్యం ఎంత దూరం నడిచిందో చూడండి. ఉత్తరంలోంచి నూకరాజు నోటికి, అక్కణ్ణుంచి భార్య జ్ఞాపకంలోకి, అక్కణ్ణుంచి కోర్టు ఇంగ్లీషులోకి. బరంపురం ఏడాది కిందటే కొత్త ఒరిస్సా రాష్ట్రంలో కలవడంతో అప్పీలు పాట్నా హైకోర్టుకు, చివరికి లండన్‌లో ప్రీవీ కౌన్సిల్‌కు వెళ్ళింది. పిఠాపురం ఇల్లాలు తెలుగులో కాక మరే భాషలో చెప్పి ఉంటుంది? 1939 జనవరి 19న అక్కడి జడ్జి లార్డ్ ఆట్కిన్ ఆ మాటను తూచాడు. చావు ఖాయమని తెలిసి చెప్పిన మాటే మరణ వాంగ్మూలంగా చెల్లుతుందన్నది అప్పటి ఇంగ్లండు పద్ధతి. అప్పట్లో మనకున్న 1872 సాక్ష్య చట్టానికి ఆ షరతు లేదు. చావుకు దారితీసిన వ్యవహారంతో దగ్గరి సంబంధం ఉంటే చాలని ఆ మాటను ఒప్పుకున్నాడు. నూకరాజు ఇల్లు వదిలిన కారణం చెప్పిన మాట గనక అది చెల్లింది. ఈ తీర్పునే నేటికీ మన కోర్టుల్లో ఉదహరిస్తారు.

నాకు పాఠమైనది ఆయన ఒప్పుకోని భాగం. ఉత్తరంలో ఏముందో కచ్చితంగా రుజువు కాలేదని తేల్చి, బరంపురం రమ్మన్న పిలుపు వరకే తీసుకున్నాడు. నూకరాజు తన ఇంటికి వచ్చాడనీ, మర్నాడు సాయంత్రం రైలుకి వెళ్ళిపోయాడనీ నారాయణస్వామి పోలీసులతో చెప్పిన మాటనైతే పూర్తిగా పక్కన పెట్టాడు; దర్యాప్తులో పోలీసులకు చెప్పింది సాక్ష్యంగా పనికిరాదన్నాడు. అయినా మిగిలిన ఆధారాలు చాలని ఉరిశిక్షను నిలబెట్టాడు. విధవరాలి మాటలో పేరు పడిన నారాయణస్వామి భార్య సెషన్స్ కోర్టులోనే నిర్దోషిగా బయటపడింది. అంటే ఆ వాక్యం ఒక ప్రయాణానికి కారణం చెప్పగలిగింది, అంతకు మించిన బరువు ఎవరూ దాని నెత్తిన పెట్టలేదు. అప్పు చీటీలు, వడ్డీ రేటు, తేదీలు, ట్రంకు పెట్టె అనువాదానికి లొంగేవి కావు. మాటను వాటి పక్కన నిలబెట్టి చూడటమే అసలు తూకం.

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీని కాటా మీద పెట్టాక గోనె బరువు తీసేస్తారు. సాక్ష్యానికీ ఆ తరుగు తీయాలి. వకీలు ప్రశ్న వేసిన బరువెంత, జడ్జిగారి ఇంగ్లీషు కలిపిన బరువెంత అని చూసుకుని మిగిలింది తూచాలి. అందుకే నేను అనువాదం చేసేటప్పుడు ప్రతి వాక్యం దగ్గరా ఆగుతాను: ఇది చూసిందా, విన్నదా, ఒప్పుకున్నదా? ఒప్పుకున్నదైతే దాని వెనక ప్రశ్న ఏమై ఉంటుంది? పొడుగాటి, లోటు లేని వాక్యం కనపడితే మరింత అనుమానం. మనుషులు భయంలో అలా మాట్లాడరు.

దీనికి ఇంకో ముఖం ఉంది. కలిపిన బరువుతో పాటు పోయిన బరువు. మాకు పొరుగునే, తెనాలి దగ్గర చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో అది 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న, అప్పట్లో హైదరాబాదులో ఉన్న హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. చంపింది ఎవరు, ఎక్కడ, ఎన్ని గంటలకు అన్నవి రుజువు కాలేదన్నది. అనువాదమే దానికి కారణమని నేను అనను, అలా అనడానికి ఆధారం లేదు. కానీ ఊళ్ళో కూర్చున్న జడ్జికి "అదుగో, ఆ గట్టు" అని సాక్షి చెయ్యి చాపితే గట్టు కనపడుతుంది. హైదరాబాదులో చదివేవారి ముందు 'అక్కడ' అన్న మాటే ఉంటుంది. చెయ్యి ఎటు చూపిందో రాయించకపోతే అది కేసులోంచే పోతుంది. పొలాలకు అడ్డంపడి పరిగెత్తినవాళ్ళని గంటలు, నిమిషాలు అడిగి, తేడా వచ్చిందంటే అది అబద్ధానికి గుర్తా, ప్రాణభయానికి గుర్తా? కాగితం చెప్పలేదు.

2023 జనవరి 30న ఢిల్లీ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ విషయమే పట్టుకుంది. సాక్షి ఏ భాషలో చెబితే ఆ భాషలోనే రాయాలని, జడ్జి చేసిన ఇంగ్లీషు అనువాదం మాత్రమే ఉంచడం కుదరదని అన్నది. మంచి మాట. మాతృక పక్కన ఉంటే అప్పీల్లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. అయితే తెలుగులో రాసినా ప్రశ్న మాయమైతే సగం పనే అయినట్టు. ముఖ్యమైన జవాబుల దగ్గరైనా ప్రశ్నను కూడా రాయించమని పట్టుబట్టి అడగాల్సింది వకీళ్ళం మేమే.

చదివేవారిలో ఎవరైనా రేపు బోనెక్కవచ్చు. సాక్ష్యం పూర్తయ్యాక రాసింది చదివి వినిపించాలి. ఇంగ్లీషు రానివాళ్ళకు వాళ్ళ భాషలో చెప్పాలి. పాత సీఆర్పీసీలో అది 278వ సెక్షన్, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 313. "ఈ మాట నేననలేదండి" అంటే దిద్దాలి, దిద్దకపోతే మీ అభ్యంతరాన్నైనా రాసిపెట్టాలి. తొందరలో సంతకం పెట్టేసి దిగిరాకండి. అడిగి వినండి.