అడిపోనెక్టిన్ గుండెకు కాపరియా?

శరీరములోని క్రొవ్వు ఆహారశక్తిని దాచియుంచు కొట్టుగది మాత్రమేయని చాలకాలము భావించిరి. 1994లో న్యూయార్కు రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమున జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందము లెప్టిన్‌ను కనుగొనుటతో ఆ భావము మారినది. మరుసటి ఏడే అడిపోనెక్టిన్ బయటపడినది. రెండును క్రొవ్వు కణములనుండి రక్తములో కలియు హార్మోనులే. అయినను ఒక వింత కలదు: స్థూలకాయులలో లెప్టిన్ పెరుగును, అడిపోనెక్టిన్ తగ్గును.

ధమనుల జబ్బు ముసలితనములో హఠాత్తుగా వచ్చునది కాదు. కొరియా యుద్ధములో మరణించిన 300 మంది అమెరికా సైనికుల గుండెలను పరీక్షించి 1953లో ఒక నివేదికను ప్రకటించిరి. వారి సగటు వయస్సు 22 ఏండ్లే. అయినను నూటికి 77 మంది హృదయ ధమనులలో జబ్బు గుర్తులు కానవచ్చినవి. ఈ జబ్బు తొలిదశలో తెల్లకణములు ధమని లోపలిపొరకు అంటుకొని, లోనికి దూరి, క్రొవ్వును మ్రింగి ఉబ్బును. అడిపోనెక్టిన్ ఈ అంటుకొనుటను తగ్గించునని ఒసాకా పరిశోధకులు 1999లో, ప్రయోగశాలలో పెంచిన కణములపై చూపిరి.

ఇట్టి పునాదిపై 2004లో అమెరికన్ వైద్యసంఘపు పత్రికలో పిషాన్ మొదలగువారి పరిశోధన వెలువడినది. వైద్యసంబంధ వృత్తులలోనున్న 18,225 మంది పురుషులను ఆరేండ్లు గమనించగా 266 మందికి గుండెపోటు వచ్చినది, లేక హృద్రోగముచే మరణము కలిగినది. అడిపోనెక్టిన్ మిక్కిలి ఎక్కువగా నున్న అయిదవ వంతువారికి, మిక్కిలి తక్కువగా నున్నవారికంటె ఈ అపాయము సగముకంటె తక్కువ.

ఈ పరిశోధనలో మెచ్చదగినది కలదు. జబ్బు రాకముందే రక్తమును సేకరించిరి. రోగి యొక్కనికి, వయస్సునందును పొగత్రాగు అలవాటునందును సమానులైన ఆరోగ్యవంతుల నిద్దరిని పోల్చిరి. కనుక జబ్బే హార్మోనును తగ్గించినదేమో అను సందేహము చాలవరకు తీరును.

కాని లోపములను గూడ చూడవలెను. వీరందరు 40 ఏండ్లు దాటిన పురుషులు. స్త్రీలనుగూర్చి గాని, బాల్యములో మొదలగు జబ్బునుగూర్చి గాని ఇది ఏమియు తేల్చదు. రక్తములోని కొలెస్టరాలును లెక్కలోనికి తీసికొనగానే వ్యత్యాసము తగ్గిపోయినది. అన్నిటికంటె ముఖ్యము: రెండు విషయములు కలిసి కానవచ్చినంతమాత్రాన ఒకటి రెండవదానికి కారణము కాదు. గొడుగులు ఎక్కువగా కనబడిన దినమున వీధి బురదగానుండును; గొడుగులు బురదను చేయవు.

తరువాతి పరిశోధనలు ఈ సందేహమునే బలపరచినవి. 2006లో బ్రిటిషు పురుషులపై జరిగిన పరిశీలనలో సంబంధము చాల బలహీనమని తేలినది. 2016లో వేరొక మార్గమును త్రొక్కిరి. పుట్టుకతోనే అడిపోనెక్టిన్‌ను పెంచు జన్యుభేదములు గలవారికి గుండెజబ్బు తక్కువా అని చూచిరి. తక్కువయనుటకు ఆధారము దొరకలేదు. చెడు కొలెస్టరాలును తగ్గించు జన్యుభేదములు గలవారికి మాత్రము జబ్బు నిజముగా తక్కువ. పైగా గుండె బలహీనపడిన రోగులలో అడిపోనెక్టిన్ ఎక్కువగానున్నవారే ఎక్కువగా మరణించుచున్నట్లు పలు పరిశీలనలు చూపినవి. కాపరి యనదగినవాడు ఇట్లుండునా?

నింద 2004నాటి పరిశోధకులది కాదు. వారు కొలిచినది కొలిచినట్లు చెప్పిరి. తప్పు, హార్మోనులను ‘మంచివి’, ‘చెడ్డవి’ యని రెండు జట్లుగా విడదీసి వ్రాయు వారిది. అట్టి వ్రాతలను చదివినవారు అడిపోనెక్టిన్‌ను పెంచునను మందులకై డబ్బు పోయుదురు. రక్తపోటును, కొలెస్టరాలును, పొగత్రాగుటను మరతురు. ధమనులను పాడుచేయునని గట్టిగా రుజువైనవి ఇవే. స్థూలకాయము రక్తపోటును, మధుమేహమును పెంచి కీడు చేయుననుటలో సందేహము లేదు.

తరగతిలో ఇట్టి వార్త వచ్చినపుడు ఉపాధ్యాయులు విద్యార్థులచే మూడు ప్రశ్నలు వేయింపవలెను: ఎవరిని పరీక్షించిరి? దేనితో పోల్చిరి? ఇది కారణమా, తోడు వచ్చిన గుర్తా? హార్మోనుల పేర్లు వల్లించుటకంటె ఈ అలవాటే వారికి ఎక్కువ మేలు చేయును.