ఖర్చులేని మంచం, ఖరీదైన షరతులు

క్షయకి మందు లేని రోజుల్లో వైద్యమంటే గాలి, ఎండ, విశ్రాంతి, పాలు, గుడ్లు. స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నది 1943లో. అంతకుముందు అమెరికాలో ఊపిరితిత్తులు చెడిన బీదవాళ్లు పొడిగాలి కోసం కొలరాడోలోని డెన్వర్‌కి రైలెక్కేవాళ్లు. వాళ్లలో న్యూయార్క్ కుట్టు షాపుల్లో పనిచేసిన తూర్పు యూరప్ యూదులు చాలామంది. క్షయని దర్జీల రోగమన్నారు, యూదుల రోగమనీ అన్నారు. నిజానికి యూదుల్లో క్షయ మరణాలు ఇతరులకంటే తక్కువని మారిస్ ఫిష్‌బర్గ్ అనే యూదు వైద్యుడు ఆ రోజుల్లోనే చూపించాడు. లెక్కలు ఎవరిక్కావాలి? రోగానికి ఒక జాతి పేరు అంటుకున్నాక ఏ సబ్బూ దాన్ని వదిలించదు.

ఈ చరిత్రని దాతల ఉదారత కథగా చెప్పడం అలవాటైపోయింది. ఆ చెప్పడంతోనే నా పేచీ.

నేషనల్ జ్యూయిష్ హాస్పిటల్ భవనం 1893కే సిద్ధం. ఆర్థిక సంక్షోభంలో డబ్బు లేక ఆరేళ్లు తాళం వేసి ఉంది, 1899లో తెరిచారు. వెనక నిలబడింది ముందే వచ్చి స్థిరపడిన జర్మన్ యూదులు. ఏ మతం వాళ్లకైనా ఉచితం. డబ్బివ్వగలిగినవాడికి ప్రవేశమే లేదు. గొప్ప సంగతే, కాదనను. కానీ రోగం తొలిదశలో ఉండాలి. ఆరునెలల్లో మంచం ఖాళీ చేయాలి. వంట కోషర్ కాదు. మనకి హలాల్ ఎలాగో వాళ్లకి కోషర్ అలాగ. మంచాలు తక్కువ, అందుకే బాగయ్యేవాళ్లనే చేర్చుకున్నారంటే ఒప్పుకుంటాను. తిండి విషయంలో ఆ జవాబు చెల్లదు. అక్కడ పనిచేసింది సిగ్గు. యిడ్డిష్ మాట్లాడే ఈ బీద బంధువులు అమెరికన్ల ముందు తమ పరువు తీస్తారన్న భయం. మైనారిటీ లోపల కూడా ఒక మెజారిటీ ఉంటుంది మరి!

1904లో తూర్పు యూరప్ వాళ్లే జ్యూయిష్ కన్సంప్టివ్స్ రిలీఫ్ సొసైటీ పెట్టుకున్నారు. పెట్టినవాళ్లలో క్షయ రోగులూ ఉన్నారు. కార్యదర్శి, రష్యా నుంచి వచ్చిన డాక్టర్ చార్లెస్ స్పివాక్. మొదట గుడారాలే. అయినా కోషర్ వంట, శనివారపు సబ్బాతు, ముదిరిన రోగికీ చోటు. గాలీ పాలూ ముదిరిన క్షయని ఆపలేవు, చావులు ఎక్కువ చూడాల్సొస్తుంది. అది తెలిసీ తలుపు తీశారు. నయమయ్యేవాళ్లనే లెక్కపెట్టే ఆస్పత్రుల చరిత్రలో ఈ పనికి మార్కులు పడవు.

దానాన్ని హీబ్రూలో 'త్సెదకా' అంటారు. న్యాయమనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిన మాట. మన 'సదఖా'ది కూడా అదే ధాతువు. చెయ్యి పైనుంచి కిందికి చాపితే అది దయ. పక్కమంచం మీదున్నవాడు చాపితే దానికి న్యాయం అన్న మాటే సరిపోతుంది. ఉర్దూ, తెలుగు రెండింటిలో బతికే నాలాంటివాడికి ఇంకోటి కూడా అర్థమవుతుంది. నొప్పి ఎక్కడుందో చెప్పుకోవడానికి రోగికి తన భాషే కావాలి.

యిడ్డిష్ కవి యెహోయాష్ క్షయతో 1900లో డెన్వర్ చేరి దాదాపు పదేళ్లు ఉన్నాడు. ఈ సొసైటీ పనిలో పాలుపంచుకున్నాడు. తర్వాత అరబ్బీ నేర్చుకుని ఖురాన్ భాగాల్ని యిడ్డిష్‌లోకి తెచ్చాడు, యూదుల బైబిల్నీ అనువదించాడు. స్పివాక్‌తో కలిసి 1911లో యిడ్డిష్ నిఘంటువు వేశాడు. ఒక క్షయ డాక్టరూ, ఒక క్షయ రోగీ కూర్చుని, పెద్దింటివాళ్లు భాషే కాదని ఈసడించిన భాషకి!