యుద్ధశాఖ మంత్రి బోస్

నేతాజీ మీద తెలుగులో దొరికిన చిన్నాచితకా జీవిత చరిత్రలు ఈమధ్య వరసగా చదివాను. నాకు దొరికిన వాటన్నిటి నడకా ఒకటే: ఐసీఎస్ వదిలేయడం, మారువేషంలో కలకత్తా దాటడం, జలాంతర్గామి, సైనిక దుస్తులు, విమానం. అచ్చం స్క్రీన్‌ప్లే. 1943 అక్టోబరు 21న సింగపూర్‌లో ఆజాద్ హింద్ తాత్కాలిక ప్రభుత్వం ప్రకటించినప్పుడు ప్రధాని పదవితో పాటు యుద్ధశాఖ, విదేశాంగశాఖ కూడా ఆయనే ఉంచుకున్నారన్న సంగతి ఒక్క వాక్యంలో అయిపోతుంది. నాకేమో అసలు కథ అక్కడే ఉందనిపిస్తుంది.

బోస్ సైన్యంలో పెరిగిన మనిషి కాదు, ఇరవయ్యేళ్ల రాజకీయ నాయకుడు. కలకత్తా కార్పొరేషన్ నడిపారు. 1938లో కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. మరుసటేడు గాంధీగారి మద్దతున్న మన పట్టాభి సీతారామయ్యని ఓడించారు. (ఇక్కడ మన పుస్తకాలు కొంచెం ఇబ్బందిపడి గబగబా ముందుకెళ్లిపోతాయి.) గెలిచి కూడా వర్కింగ్ కమిటీ కూర్చుకోలేక ఏప్రిల్‌లో రాజీనామా చేశారు. పదిమందినీ ఒప్పించాల్సిన చోట అలా ఓడిన మనిషి, నాలుగేళ్ల తర్వాత ముఖ్యమైన శాఖలన్నీ తన దగ్గరే పెట్టుకున్నారు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసిన పుస్తకం నాకు తగల్లేదు.

యుద్ధశాఖంటే బియ్యం, బూట్లు, మందులు. 1944 మార్చిలో మొదలైన ఇంఫాల్ దండయాత్ర పథకం జపాన్ వాళ్లది. శత్రువు గిడ్డంగులు పట్టుకుని, అవి తింటూ ముందుకెళ్లాలని లెక్క. గిడ్డంగులు చిక్కలేదు, వానలు మాత్రం వచ్చాయి. ఆజాద్ హింద్ సైనికులు ఆకలితో, మలేరియాతో, విరేచనాలతో కొండదారుల్లో పడిపోయారు. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, డిపెండెన్సీలన్నీ అవతలి టీం చేతిలో ఉన్న ప్రాజెక్టుకి డెడ్‌లైన్ ఒప్పుకున్నట్టు. ‘ప్రకృతి సహకరించలేదు’ అన్న ధోరణిలో దాటేస్తారు మన రచయితలు. మంత్రిని అడగాల్సిన ప్రశ్న వానని అడిగితే ఎలా? హిందువుల్నీ, ముస్లింల్నీ, సిక్కుల్నీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి తినిపించిన సైన్యం అది. ఆ గొప్పతనం ఆయనకిస్తున్నప్పుడు, ఆ పంక్తిలోకి తిండి ఎందుకు రాలేదన్నదీ ఆయన ఖాతాలోనే రాయాలి కదా.

ఇంకో ఖాళీ మా ఊళ్లకి సంబంధించింది. శ్రీకాకుళం వైపు రంగూన్‌ని ‘రంగం’ అంటాం. విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల్లో ఓడెక్కి, అక్కడి బియ్యం మిల్లుల్లో, హార్బర్లో కూలికి పోయేవారు. 1941 డిసెంబరు 23న రంగంలో బాంబులు పడ్డాక లక్షలమంది భారతీయులు బర్మా వదిలేశారు. చాలామంది అడవుల్లో నడుచుకుంటూ వచ్చారు, దారిలో వేలమంది పోయారు. 1944 జనవరిలో బోస్ ప్రభుత్వం రంగూన్‌కి మారింది. అక్కడ ఉండిపోయిన భారతీయుల డబ్బు, నగలు ఆ ఖజానాకి చేరాయి. చాలామంది ఇష్టంగానే ఇచ్చారు. 1945 ఏప్రిల్ 24న ఆయన రంగూన్ విడిచారు. మన పుస్తకాలు కూడా ఆయనతోనే బయల్దేరిపోతాయి. ఇచ్చినవాళ్లు ఏమయ్యారో ఒక్క పేరా ఉండదు.

మా ముత్తాత 1942లో నడిచొచ్చినవాడే. “బోసుబాబు రంగం ఎల్లీసరికే మీ ముత్తాత ఒచ్చీసినాడు” అనేది మా మామ్మ. అంటే ఆయన బోస్‌ని చూసింది లేదు, విన్నది లేదు. అయినా ఇంట్లో దేవుడి పటాల పక్కన ఫ్రేము కట్టించి పెట్టుకున్న మనిషి ఫొటో ఒక్కటే, మిలిటరీ టోపీలో బోసుది. ఎందుకు పెట్టుకున్నాడో ఏదో ఒక పుస్తకంలో దొరుకుతుందనే ఇవన్నీ చదవడం మొదలుపెట్టాను.