శ్రీశైలానికి కాలిబాట

శ్రీశైల క్షేత్రానికి నాలుగు ప్రధాన ద్వారాలు ఉన్నాయని సంప్రదాయం చెబుతుంది: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. ఇవి ఆలయ ప్రాకారానికి ఉన్న గోపుర ద్వారాలు కావు. సిద్ధవటం పెన్నా ఒడ్డున, అలంపురం తుంగభద్ర ఒడ్డున ఉన్నాయి. ఉమామహేశ్వరం అచ్చంపేట దాపున కొండచరియను ఆనుకొని ఉంది. అక్కడి నుండి మల్లికార్జునుని గర్భాలయానికి చేరడానికి కాలినడకన రోజులు పడతాయి. పూర్వుల లెక్కలో యాత్రికుడు క్షేత్రంలో అడుగుపెట్టేది ధూళిదర్శనం, అంటే దారి దుమ్ము కాళ్ళతోనే చేసుకునే తొలి దర్శనం, నాడు కాదు. ఈ ద్వారాలలో ఒకదాన్ని దాటి నల్లమల వైపు తిరిగిన నాడే అతడు క్షేత్రంలో ఉన్నట్టు లెక్క. ఈ భావనను పక్కన పెడితే పాదయాత్ర ఒక కష్టసాధ్యమైన ప్రయాణ సాధనంగా మాత్రమే మిగులుతుంది. దీన్ని అంగీకరిస్తే మాత్రం నడిచిన దూరమంతా పూజలో భాగమే.

శైవ వాఙ్మయంలో ‘పర్వతం’ అంటే వేరే విశేషణం అక్కరలేకుండానే శ్రీశైలం. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో ఒక ప్రకరణానికి పర్వత ప్రకరణమనే పేరు పెట్టాడు. తుమ్మెద పదాలు, ఆనంద పదాలు, వెన్నెల పదాలు వంటి జానపద గేయభేదాలను పేరుపేరునా ప్రస్తావించి, వాటితో పాటు పర్వత పదాలనూ చెప్పినదీ ఈ గ్రంథంలోనే. పద్నాలుగో శతాబ్దంలో రెడ్డిరాజ్య స్థాపకుడు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడని ప్రసిద్ధి. రాజు గుడి కట్టిస్తే ఆ కీర్తి గుడి దగ్గరే నిలుస్తుంది, దారి కట్టిస్తే నడిచే ప్రతివాడి కాలికీ తగులుతుంది. కాని మన చరిత్ర గ్రంథాలు ఆలయ నిర్మాతల మీద పెట్టినంత శ్రద్ధ దారులు వేసినవారి మీద పెట్టలేదు. 1830లో మద్రాసు నుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య దారిలో శ్రీశైలాన్ని కూడా సేవించుకున్నాడు, పల్లకి బోయీల సాయంతోనే అనుకోండి. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్ర ఆనాటి యాత్రాజీవనానికి తెలుగులో దొరికే మేలైన సాక్ష్యం.

ఈనాటికీ ఎక్కువమంది నడిచేది పడమటి దారి. ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం వద్ద మొదలై, వీరభద్రాలయం ఉన్న నాగలూటి మీదుగా, స్థానికులు పెచ్చెరువు అని పిలిచే పెద్దచెరువు చేరి, అక్కడి నుండి భీముని కొలను లోయలోకి దిగి, ఎదుటి మెట్లెక్కి కైలాసద్వారం వద్ద కొండ మీదికి చేరే ఈ బాట సుమారు నలభై కిలోమీటర్లు ఉంటుంది. ఇందులో చివరి ఘట్టమే కఠినం. అప్పటికే అలిసిన కాళ్ళను ముందు లోయలోకి దింపి, ఆపైన నిట్టనిలువు మెట్ల మీద నిలబెడుతుంది ఈ దారి. యాత్రికులు ‘చేదుకో మల్లన్నా’ అని కేక వేసుకోవడం ఈ మెట్ల మీద విన్నవారికి ఆ క్రియాపదం ఎంత తూచి వాడినదో అర్థమవుతుంది. చేదడమంటే బావిలోని నీటిని తాడుతో పైకి లాగడం. లోతులో ఉన్నవాడు పైనున్నవాణ్ణి కోరేది సరిగ్గా అదే. భక్తికవులు సంసారకూపమని రూపకంగా చెప్పిన మాట ఇక్కడ పిక్కలకూ మోకాళ్ళకూ తెలిసిన సంగతి.

మహాశివరాత్రికి నడిచేవారిలో తెలుగువారు ఎక్కువ. వారిలో పలువురు శివదీక్ష, అంటే మాల ధరించి మండలకాలం నియమాలు పాటించే వ్రతం, పూని వచ్చేవారు. ఉగాది యాత్ర మాత్రం ప్రధానంగా కన్నడిగులది. ఉత్తర కర్ణాటక పల్లెల నుండి వందల కిలోమీటర్లు నడిచి వచ్చే ఈ భక్తులు మల్లికార్జునుని దేవేరి భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించి, పండుగకు పుట్టింటివారు తీసుకుపోయినట్టే చీర, సారె, గాజులు, పసుపుకుంకుమలు తెస్తారు. అన్నదమ్ములు ఆడపడుచు ఇంటికి వట్టి చేతులతో పోరు కనుక, ఈ నడకలో మొక్కుబడి కన్నా చుట్టరికమే ఎక్కువ కనిపిస్తుంది. కొన్ని బృందాలు ‘కంబి’ని మోసుకొస్తాయి, కంబి అంటే అలంకరించి పూజించి, వంతులవారీగా భుజం మార్చుకుంటూ మోసే కావడి వంటి కర్ర. మరికొందరు ‘మరగాళ్ళు’ అనే కర్రకాళ్ళు కట్టుకొని నడిచి వస్తారు. నేల మీద సొంత కాళ్ళతో నడవడమే కష్టమైన ఎండల్లో ఈ సాహసం చూసేవారికి విడ్డూరంగా తోచవచ్చు గాని, మొక్కుకున్నవారి దృష్టిలో అది దేహాన్నే నివేదించడం.

ఇంతటి నడకకు నిర్దిష్టమైన మెలకువలు ఉన్నాయి, అవి పుస్తకాలలో కన్నా బృందంలోని పాతకాపుల అలవాట్లలో భద్రంగా ఉన్నాయి. తారురోడ్డు మీద వేకువజామునా పొద్దువాలాకా నడిచి, మిట్టమధ్యాహ్నం చెట్టు నీడన పడుకుంటారు. అడవిలో ఈ పద్ధతి తలకిందులవుతుంది, అక్కడ వెలుతురు ఉండగానే గుంపు విడిపోకుండా నడవడం క్షేమం. మొదటిరోజు ఉత్సాహంతో పరుగు తీసినవాడు రెండోరోజుకు అరికాళ్ళ బొబ్బలతో కూలబడతాడు కనుక, అనుభవజ్ఞులు తొలిరోజు కావాలనే నెమ్మదిగా నడుస్తారు. తిండిలోనూ ఇదే వివేకం ఉంది: తడి లేకుండా కాల్చి కొన్నాళ్ళు నిల్వ ఉంచుకోగల సజ్జ, జొన్న రొట్టెలు, వేరుశనగ పొడి మూటలో ఉంటే, పొయ్యి వెలిగించే పని తప్పుతుంది. భజన కూడా నడకకు ఒక పనిముట్టే. పాటకు అడుగు కలిపినప్పుడు గుంపులోని బలహీనుడు తన అలసటను కాక ఇతరుల లయను అనుసరిస్తాడు.

దారి పొడవునా మజ్జిగ, అంబలి, అన్నం పెట్టే ఊళ్ళవారు లేనిదే ఈ యాత్ర సాగదు. వీరశైవంలో ‘దాసోహం’ అనే మాటకు నేను దాసుణ్ణని అర్థం. భక్తులకు అన్నం పెట్టే సేవకూ అదే పేరు స్థిరపడింది. ఇక్కడ ఆలోచించదగిన విశేషం మరొకటి ఉంది. ఉగాదికి నడిచి వచ్చేవారిలోని లింగాయతులు ఇష్టలింగాన్ని, అనగా నిత్యపూజకై గురువు చేతి నుండి పొందిన చిన్న లింగాన్ని, దేహం మీదనే ధరిస్తారు. ఆ సిద్ధాంతం ప్రకారం దేవుడి కోసం ఎక్కడికో వెళ్ళవలసిన అగత్యం వారికి లేదు. అయినా పన్నెండో శతాబ్దంలో వీరశైవ కవయిత్రి అక్కమహాదేవి కల్యాణ పట్టణం నుండి శ్రీశైలంలోని కదళీవనానికి చేరింది. ఆమె వచనాలు పాడుకునేవారు ఈనాటికీ వస్తూనే ఉన్నారు. వెంట ఉన్న దేవుణ్ణి చూడడానికి ఎవరూ వందల కిలోమీటర్లు నడవరు. కాబట్టి వీరి విషయంలో నడకను దర్శనానికి సాధనమనడం చాలదు, నడకనే ఒక అనుష్ఠానమనవలసి ఉంటుంది.

ఈ పడమటి బాట పోయేది పెద్దపులుల అభయారణ్యంలో నుండి. శివరాత్రి, ఉగాది రోజుల్లో యాత్రికులు వదిలే ప్లాస్టిక్ సంచులు, నీళ్ళ సీసాలు అడవికి చేటని వేరే చెప్పనక్కరలేదు. రొట్టె మూటతో నడిచిన పాతతరం వెనక చెత్త మిగల్లేదు. ఈ అపచారం సంప్రదాయంలోది కాదు, సంప్రదాయం మరిచినందువల్ల వచ్చింది. మెట్ల వరుసల్లో, దారి పక్క మండపాల్లో మిగిలినవాటిని రాయి రాయిగా కొలిచి నమోదు చేయవలసిన పని పురావస్తు శాఖదైతే, తెచ్చిన సీసాను తిరిగి మోసుకుపోవడం నడిచేవారి పని. కొండెక్కిన వారిలో చాలామంది ఇంటికి తిరిగి పోయేది బస్సులోనే కనుక, ఆ బరువును భీముని కొలను మెట్ల మీద మళ్ళీ మోయవలసిన అవసరం కూడా లేదు.