కారు అడుగున నల్లపూత

విశాఖపట్నం, కాకినాడ వంటి తీర పట్టణాల్లో కారు వయసు ముందుగా దాని అడుగుభాగంలో బయటపడుతుంది. వానాకాలం రాగానే దినపత్రికల మడతల్లోంచి జారిపడే కరపత్రాలకు ఆ భయమే పెట్టుబడి. ఈ వారం వచ్చిన ఒకటైతే, ఒక్కసారి అడుగున నల్లని తారుపూత కొట్టిస్తే బండి ఉన్నన్నాళ్లూ తుప్పు ఊసే ఉండదని హామీ ఇచ్చింది. ఇంటి పని ఇంటివారే చేసుకోవాలని ఏళ్ల తరబడి వాదిస్తూ వస్తున్న ఈ శీర్షిక, ఆ పూతడబ్బా ఏదో కొనితెచ్చుకొని పెరట్లోనే వేసుకోరాదా అని అడగడం పాఠకులకు వింతగా తోచదు.

పని క్రమం కష్టమైనదేమీ కాదు. కారును జాక్‌తో లేపి, జాక్ స్టాండ్ల మీద నిలిపి (జాక్ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరరాదన్న నియమానికి మినహాయింపు లేదు), బురద కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, తుప్పును వైర్ బ్రష్‌తోను ఎమరీ కాగితంతోను లోహం మెరిసేదాకా గీకి, థిన్నర్ తడిపిన గుడ్డతో తుడిచిన తర్వాత ప్రైమర్ వేయాలి. లోహాన్ని అంటిపెట్టుకొని పై పూతకు పట్టు కల్పించే తొలి పూతనే ప్రైమర్ అంటారు. ఇంటి గ్రిల్స్‌కు వేసే రెడ్ ఆక్సైడ్ ఆ జాతిదే అయినా, చక్రాలు చిమ్మే కంకర దెబ్బలకు ఓర్చుకోవాలంటే బేస్, హార్డెనర్ కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్ మేలు. సైలెన్సర్, బ్రేకులు, రబ్బరు బుష్‌ల మీద పూత పడకుండా ముందే కప్పి ఉంచాలి.

ఇంతవరకు పూత పక్షమే గెలిచినట్టు కనిపిస్తుంది. అయితే కేంబ్రిడ్జిలో యు. ఆర్. ఎవాన్స్ 1920లలో చూపిన నీటిబొట్టు ప్రయోగాన్ని తెలుసుకున్నవారు ఆ డబ్బా మూత తీసే ముందు కొంచెం ఆగుతారు. నున్నగా రుద్దిన ఇనుప రేకు మీద ఒక ఉప్పునీటి బొట్టు వేసి, అందులో రెండు సూచకాలు, అంటే రసాయన మార్పును రంగుతో పట్టిచ్చే పదార్థాలు, కలుపుతారు: పొటాషియం ఫెర్రిసైనైడ్ ఇనుము కరిగే చోట నీలమవుతుంది, ఫినాఫ్తలీన్ క్షారం పుట్టే చోట గులాబీ రంగుకు తిరుగుతుంది. మొదట రెండు రంగులూ బొట్టంతటా చుక్కలు చుక్కలుగా కలిసే కనిపిస్తాయి. కాసేపటికి నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ ఖర్చయిపోయి, గాలి సులభంగా అందే అంచు గులాబీగాను, గాలి అందని నడిమి భాగం నీలంగాను విడిపోతాయి. ఆ రెంటి మధ్య గోధుమరంగు తుప్పు వలయం కడుతుంది. లోహం తరిగిపోయేది గాలి తక్కువైన నడిమి భాగంలో, తుప్పు కంటికి కనబడేది దానికి కాస్త ఎడంగా. గాలికి, తడికి ఎదురుగా ఉన్న ఇనుమే ఎక్కువగా తినిపోతుందన్న సామాన్యుల ఊహను ఈ బొట్టు తలకిందులు చేసింది.

తారుపూత ఎండి పగిలి, అంచు దగ్గర వెంట్రుకంత లేచిందంటే, దాని కిందికి పాకిన తడికి ఆ బొట్టు నడిమి గతే పడుతుంది: గాలి అందదు, ఆవిరి బయటికి పోదు, పైనుంచి చూసేవారికి నల్లని నిగనిగ తప్ప మరేదీ కనబడదు. ఇనుము కంటే తుప్పు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక, అది పూతను ఇంకా పైకి నెడుతుంది. తీరంలో మరో చిక్కు ఉంది. సముద్రపు ఉప్పులోని మెగ్నీషియం క్లోరైడ్ గాలిలో తేమ మూడో వంతు దాటితే చాలు నీటిని పీల్చి ద్రవమైపోతుంది. అంటే ఉప్పు అంటిన రేకు వాన లేని రోజున కూడా తడిగానే ఉంటుంది. అలాంటి రేకును కడగకుండా పూత వేయడం ఉప్పును లోపల పెట్టి సీలు వేయడమే. తుప్పు మీదే ఏటా పండుగకు గేటుకు రంగు వేయించే ఆచారాన్ని ఈ శీర్షిక ఇదివరకే తగినంత తిట్టింది కాబట్టి ఇక్కడ విస్తరించనక్కరలేదు.

పైగా ఇప్పటి కార్ల బాడీని ఫ్యాక్టరీలోనే ప్రైమర్ తొట్టిలో ముంచి, విద్యుత్తు ప్రవాహంతో మూలమూలకూ సుమారు 20 మైక్రాన్ల మందాన పూత పట్టిస్తారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. బ్రష్‌తో అంతటి సమానమైన పూత ఎవరికీ సాధ్యం కాదు. కనుక ఇంటి ప్రైమర్ చోటు రాయి తగిలి లోహం బయటపడిన మచ్చల వరకే; అడుగంతా నలుపు పులమడం మంచికన్న చెడే ఎక్కువ చేస్తుంది. నీళ్ల గొట్టం పెట్టి చక్రాల గూళ్లలోని బురదను తరచుగా కడగడం, తలుపుల అడుగున ఉండే నీటి రంధ్రాలను సన్నని తీగతో పొడిచి తెరిచి ఉంచడం అంతకంటే ఉపయోగకరం, ఖర్చూ లేదు. బోలుగా ఉండే బాక్స్ సెక్షన్లు మాత్రం లోపలినుంచి తుప్పు పడతాయి. అక్కడికి బ్రష్ గానీ కన్ను గానీ చేరవు. పొడవాటి గొట్టం ముక్కుతో మైనపు ద్రవాన్ని లోపల చిమ్మే పనిముట్లు, కారును ఎత్తే లిఫ్టు ఉన్న వర్క్‌షాపులో డబ్బు పెట్టి ఆ ఒక్క పని చేయించుకోవడమే తీరవాసులకు సముచితం. హైదరాబాదు వంటి లోతట్టు ఊళ్లలో తిరిగే కారుకు చాలావరకు అదీ అక్కరలేదు.